వచ్చినవాళ్ళ పట్టిక

తొమ్మిదీ ఐదు. అంటే ఇంకా యాభై ఐదు నిమిషాలు. యాభై ఐదు నిమిషాల్లో మనిషి ఏమైనా చెయ్యొచ్చు, ఏమీ చెయ్యకుండా కూర్చోనూవచ్చు అనుకుంటూ ఆమె కంప్యూటర్ తెర మీద పడ్డ వేలిముద్రను చేతిరుమాలుతో తుడిచింది. అది పోలేదు. ముద్ర లోపలెక్కడో పడ్డట్టుంది, పోనీ. కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి గేటు, గేటు లోపల కళ్ళవార్డుకు వెళ్ళే దారి, దారి పొడవునా నల్లకళ్ళద్దాలవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నడుస్తున్నారు. వాళ్ళంతా ఆపరేషన్‌కు వంతు దొరికినవాళ్ళు. దొరకనివాళ్ళు ఇక్కడినుంచి కనపడరు, ఫోన్లు పట్టుకుని ఎక్కడెక్కడో కూర్చుని పదెప్పుడవుతుందా అని చూస్తుంటారు. నెలకొక్కసారి, మొదటి సోమవారం, సరిగ్గా పదింటికి కళ్ళవార్డువాళ్ళ పేజీ తెరుచుకుంటుంది. ముప్ఫై ఉచిత ఆపరేషన్లకు ముప్ఫై స్లాట్లు. నాలుగువేలమంది ఒక్కసారి బటన్ నొక్కుతారు. రెండో సెకనులో పేజీ బిగుసుకుపోతుంది. గిర్రున తిరిగే ఆ చిన్న చక్రం తప్ప మరేమీ కదలదు. అప్పుడు ఎదుటి బల్ల దగ్గర సర్వర్లు చూసుకునే ఆయన తీరిగ్గా టీ గ్లాసు కింద పెట్టి, వేళ్ళు విరుచుకుని దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడతాడు. అందుకే ఆఫీసులో ఆయన పేరు మేలుకొలుపు. ఆమె పేరు పాతసామానక్క. ఎవరూ ముట్టుకోని పాత ప్రోగ్రాములన్నీ ఆమె బల్ల మీదికే చేరతాయి గనక. ఆ పేరు తనకు నచ్చదని ఆమె ఎన్నడూ అనలేదు, నిజానికి నచ్చుతుంది కూడా. కొత్త సామాను అందరికీ అర్థమయ్యేట్టే ఉంటుంది, అందులో వింతేముంది? పాతదాన్ని విప్పితే లోపల ఎవరో ఒకరు ఉంటారు.

మేలుకొలుపు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. "ఇవాళ ఎన్నింటికి లేపమంటారు, పదీ పద్నాలుగుకేనా?" అని అడిగాడు, ఏదో రైలు టైము కనుక్కున్నట్టు. పద్నాలుగు నిమిషాలు ఎందుకంటే మొదటి పది నిమిషాలు దానంతటదే తేరుకుంటుందేమోనని చూడాలని ఎప్పుడో ఎవరో చెప్పారు, మిగతా నాలుగూ మేనేజర్‌తో ఫోన్లో పోతాయి. ఇన్నేళ్ళలో అది దానంతటదే తేరుకున్నది లేదు. అయినా లేపితే లేస్తోంది కదా అని ఎందుకు పడుతోందో ఎవరూ చూడలేదు. రోజూ మెట్టు తట్టుకుని పడేవాడికి రోజూ చెయ్యందించి లేపుతూ ఆ మెట్టును మాత్రం అలాగే ఉంచినట్టు. ఆమె కూడా చూడలేదు, అది ఒప్పుకోవాలి. ఈ మూడు నెలల్లోనే చూస్తోంది. మూడు నెలలనుంచే ఎందుకంటే తమ్ముడి కన్ను.

తమ్ముడు సిటీ బస్సు నడుపుతాడు. నలభై మూడేళ్ళకే కుడికంట్లో శుక్లం. ఎడమకన్ను పుణ్యమా అని పగటి ట్రిప్పులు మాత్రం వేయించుకుని నెట్టుకొస్తున్నాడు. వచ్చే నెలాఖరుకు డ్రైవర్లందరికీ కంటిపరీక్ష. అందులో తప్పితే స్టీరింగ్ ఉండదు, డిపో గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకోవాలి. ఆపరేషన్ తర్వాత చూపు కుదురుకోవడానికి ఆరువారాలు పడుతుందట, అంటే ఈ నెల సగంలోపే అయిపోవాలి, అంటే ఇవాళే దొరకాలి. లెక్క వేలు మడిచినంత తేలిక. రెండు నెలలక్రితం ఇంటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు ఒక కాలు పైకెత్తి అడిగాడు. "అక్కా, నువ్వు అక్కడే కదా పనిచేసేది. ఒక్క పేరు పెట్టలేవా?" "పెట్టగలను. పెట్టను," అంది ఆమె. అంత చురుగ్గా ఎందుకంది? అదేదో పెద్ద నీతి పరీక్షలో ఫస్టొచ్చినట్టు. కొంచెం మెత్తగా కూడా అనొచ్చు. వాడు సరేలే నేనే చూసుకుంటా అని, చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత రెండుసార్లు ఫోన్లో అడిగితే, ప్రయత్నించానక్కా, చక్రం తిరుగుతూనే ఉంది అన్నాడు. అది నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. ఎందుకంటే ఇంట్లో వాడి పేరు రేపటిగాడు. చిన్నప్పుడు ఏ పని చెప్పినా రేపు. లైబ్రరీలో ఆమె పుస్తకం ఇచ్చి రమ్మంటే ఇచ్చేశానని చెప్పి, ఆ పుస్తకాన్ని పరుపు కింద పెట్టుకుని నెలరోజులు దాని మీదే పడుకున్నాడు. అలాంటివాడు సరిగ్గా పదింటికి ఫోను పట్టుకుని కూర్చున్నాడంటే ఎలా నమ్మడం? కూర్చునే ఉంటాడు. కూర్చోలేదేమో.

తొమ్మిదీ పన్నెండు. తన ఆలోచనలు ఇలా బస్సులెక్కి తిరుగుతుంటే పనెలా అవుతుందని ఆమె తనమీద తనే విసుక్కుని, కోడ్‌లోకి వెళ్ళింది. ఇందులో వింత ఏమిటంటే పరీక్షలు పెట్టినప్పుడు ఇది ఎన్నడూ పడదు. ఉత్తుత్తి రోగుల్ని తయారుచేసి, వందమందిని పంపింది, రెండువందలమందిని పంపింది, నిమ్మకు నీరెత్తినట్టు అందరికీ జవాబు చెప్పింది. నిజం మనుషులొచ్చేసరికి బిగుసుకుంటుంది. యంత్రానికి పాపం అలసట ఉందా అంటే లేదు, బిగుసుకున్నప్పుడు చూస్తే అది ఏ పనీ చెయ్యడం లేదు, చేతులు ముడుచుకుని ఊరికే నిలబడి ఉంది. పని ఎక్కువై పడిపోవడం వేరు, పని ముందు పెట్టుకుని నిలబడిపోవడం వేరు. అదే ఆమెను నిద్రపోనివ్వడం లేదు. డేటాబేస్‌తో మాట్లాడటానికి మొదట్లో ఇరవై కనెక్షన్లు ఉండేవి, అంటే ఒకేసారి ఇరవైమంది అడగొచ్చు. నిరుడు మేనేజర్ అవి చాలడం లేదేమోనని నలభై చేయించాడు. ఫలితం, ఒకటో సెకనులో చచ్చేది రెండో సెకనులో చచ్చింది. ఆ మీటింగులో అందరూ దాన్ని మెరుగుదల అనే రాసుకున్నారు. ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ ఒక్క సెకనులో ఏదో ఉంది. కనెక్షన్లు రెట్టింపైతే ఆయుష్షు రెట్టింపైంది. ఎందుకని?

వేళ్ళు ఎటు పోతున్నాయో చూసుకోలేదు. అవి పోయి ఒక పాత పట్టిక తెరిచాయి. దాని పేరు వచ్చినవాళ్ళు. ఈ ప్రోగ్రాము మొదట రాసిన ఆయన పెట్టిన పట్టిక అది. ఎనిమిదేళ్ళక్రితం రిటైరైన ఆయన పేరు నిదానంగారు, ఏదడిగినా ముందు నిదానం అని మొదలుపెట్టేవాడు గనక. స్లాటు దొరికినా దొరకకపోయినా, బటన్ నొక్కిన ప్రతివాడి పేరూ వచ్చిన క్షణంతో సహా అందులో పడుతుంది. దాన్ని ఎవరూ చదవరు. ఎందుకుందో కూడా ఎవరికీ తెలియదు. అయితే తమ్ముడు నిజంగా వచ్చాడో లేదో ఇందులో ఉంటుంది కదా అని తోచేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. చూడొచ్చా? చూడటం తప్పు కాదు, ఇది తన పనే. కానీ చూస్తున్నది పని కోసం కాదని ఆమెకు తెలుసు. కిందటి నెల మొదటి సోమవారం. తమ్ముడి పేరు వెతికింది. లేదు. అంతకుముందు నెల. లేదు. ఫోన్ నంబరు పెట్టి వెతికింది, లేదు. అమ్మ ఫోను నుంచి చేశాడేమోనని ఆ నంబరూ పెట్టింది. లేదు. ఒళ్ళు మండిపోయింది. అనుకున్నదే. కన్ను పోతుంటే కూడా రేపేనా? ఉద్యోగం పోతుంటే కూడా రేపేనా? చక్రం తిరుగుతోందట, చక్రం! తను ఇక్కడ మూడు నెలలుగా దీని పేగులు లెక్కపెడుతుంటే వాడు పరుపు కింద పుస్తకం పెట్టుకుని పడుకున్నాడు. ఫోను తీసింది. నాలుగు మాటలు అనేద్దామని. తొమ్మిదీ ఇరవై రెండు, ఇప్పుడు వాడు బస్సు నడుపుతుంటాడు, నడిపేవాడికి ఫోను చెయ్యకూడదు. పెట్టేసింది. కిటికీ బయట ఎవరో ఒక ముసలాయన కట్టుకట్టిన కన్నును చేత్తో కప్పుకుని ఎండలోకి నవ్వుతున్నాడు.

కోపం చల్లారక, వాడి పేరు లేని ఆ పట్టికనే ఇంకోసారి పైనుంచి కిందికి చదివింది, పుండును గోకినట్టు. పది గంటల ఒకటో సెకను, ఆరుగురు. రెండో సెకను, ఐదుగురు. తర్వాతి పేరు పదీ పద్నాలుగుకు. ఆమె ముందుకు వంగింది. పదకొండుమంది తర్వాత పద్నాలుగు నిమిషాలపాటు ఒక్క పేరూ లేదు. అంటే పట్టిక ప్రకారం ఆ పద్నాలుగు నిమిషాల్లో ఎవరూ రాలేదు. నాలుగువేలమంది గుమ్మం విరగ్గొడుతుంటే ఎవరూ రాలేదని రాసుంది! అంతకుముందు నెల చూసింది, అంతే. దాని ముందు నెలా అంతే. దొరకనివాళ్ళ పేర్లు ఉన్నాయి, దొరికినవాళ్ళవి ఉన్నాయి, మరి ఈ తిరిగే చక్రం ముందు కూర్చున్న వేలమంది ఏమయ్యారు? వాళ్ళకు దొరకలేదనైనా లేదు. వాళ్ళు రానేలేదు. ఒళ్ళు మంట ఎటు పోయిందో పోయింది, దాని స్థానంలో వీపు మీద చీమ పాకినట్టు ఏదో. వచ్చినవాణ్ణి వచ్చాడని రాయడానికి కూడా చెయ్యి ఖాళీ లేనంత పని ఏముంది అక్కడ? పనేమీ లేదని తనే కదా ఇందాక అనుకుంది. చెయ్యి ఖాళీ లేదు. పనీ లేదు.

చెయ్యి ఖాళీ లేదు, పనీ లేదు. ఈ స్థితి తనకు తెలుసు, ఎక్కడో చూసింది, ఎక్కడ? సిమెంటు గచ్చు, మధ్యాహ్నం, మోకాళ్ళకు గచ్చు చల్లగా తగులుతోంది. ఎదురుగా తమ్ముడు. వాడికి ఐదేళ్ళు, తనకు ఎనిమిది. ఇద్దరి ముందూ తెల్ల కాగితాలు. ఇద్దరికీ గళ్ళు గీసుకోవాలి. ఇంట్లో ఒకటే పెన్సిలు, ఒకటే స్కేలు. పెన్సిలు తన చేతిలో, స్కేలు వాడి చేతిలో. ముందు స్కేలియ్యి, గీసుకుని రెండూ ఇస్తా. కాదు, ముందు పెన్సిలియ్యి, గీసుకుని నేనే రెండూ ఇస్తా. నువ్వియ్యి అంటే నువ్వియ్యి. చేతుల్లో ఉన్నది వదలరు, లేనిదాని కోసం చూస్తుంటారు. మధ్యాహ్నమంతా అలాగే కూర్చున్నారు, కాగితాలు కాగితాల్లాగే ఉన్నాయి. చివరికి అమ్మ వచ్చి ఇద్దరి నెత్తినా ఒక్కటిచ్చి రెండూ లాక్కుపోయింది. అమ్మే మేలుకొలుపు! ఆమె గట్టిగా నవ్వేసింది. ఎదుటి బల్ల నుంచి మేలుకొలుపు తల తిప్పి చూశాడు. ఆమె అప్పటికే కోడ్‌లో ఆ వరస వెతుకుతోంది, ఇదే కావాలి, ఇది కాకపోతే మరేదీ కాదు. ఇదిగో. రోగి రాగానే స్లాటు కోసం ఒక కనెక్షన్ తీసుకుంటుంది. దాన్ని చేతిలో పట్టుకునే, వచ్చినవాళ్ళ పట్టికలో పేరు రాయడానికి రెండో కనెక్షన్ అడుగుతుంది. రెండో దాంతో రాసి వదిలేసి, అప్పుడు మొదటి దాంతో స్లాటు చూస్తుంది. తీరిగ్గా ఒకరి తర్వాత ఒకరు వస్తే ఏ గొడవా లేదు. నలభైమంది ఒకే క్షణంలో వస్తే నలభై కనెక్షన్లూ తలా ఒకటి పట్టుకుంటారు, అందరూ రెండో దాని కోసం చూస్తారు, రెండోది ఎవరి దగ్గరా లేదు, ఎవరూ మొదటిది వదలరు. తన ఉత్తుత్తి రోగులు మర్యాదస్తులు, వరసలో వచ్చారు, అందుకే ఎన్నడూ పడలేదు. ఆ పద్నాలుగు నిమిషాలూ గుమ్మంలో నిలబడిపోయినవాళ్ళు పట్టికెక్కే వీలే లేదు. వాళ్ళలో వాడున్నాడేమో. ఉన్నాడేమో కాదు, ఉండే ఉంటాడు. పది గంటలకు వాడికి డిపోలో పది నిమిషాల విరామం, పదీ పదికి మళ్ళీ బస్సు తీయాలి. పదీ పద్నాలుగుకు మేలుకొలుపు దీన్ని లేపేసరికి వాడు స్టీరింగ్ ముందుంటాడు. రెండు నెలలూ వచ్చే ఉంటాడు. ఆమెకు తనమీద తనకు సిగ్గేసింది.

తొమ్మిదీ ముప్ఫై ఒకటి. సరిచెయ్యడం చిటికెలో పని. పేరు రాసే నాలుగు వరసలూ తీసేస్తే చాలు, రెండో కనెక్షన్ గొడవే ఉండదు, ఎవరూ చదవని పట్టిక పోతే ఎవరికి నష్టం? కానీ నిదానంగారు చేతగానివాడు కాదు. ఒక్కదాంతో అయ్యేదానికి ఆయన రెండు ఎందుకు పట్టుకున్నాడు? అది తెలుసుకోకుండా తీసేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఇంత తొందరలో ఇదేం కుతూహలమే నీకు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు, వేళ్ళు నంబరు నొక్కేశాయి. అవతల నీళ్ళు పడుతున్న చప్పుడు, మొక్కలకు కాబోలు.

"ఇంకా బతికే ఉందా అది?" అన్నాడు నిదానంగారు, సంగతి విని.

"ఉందండీ, నెలకోసారి చస్తోంది, అంతే. రెండు కనెక్షన్లు ఎందుకు పెట్టారండీ?"

"నిదానం, చెప్తాను. ఒక్కదాంతోనే రాస్తే, స్లాటు దొరకనప్పుడు ఆ పని మొత్తం రద్దయిపోతుంది కదమ్మా. దాంతోపాటు మనిషి వచ్చిన సంగతి కూడా చెరిగిపోతుంది. దొరకనివాళ్ళ పేర్లే కదా మనకి కావల్సింది."

"మనకెందుకండీ?"

నీళ్ళ చప్పుడు ఆగింది. "ఎందుకేమిటి? ముప్ఫైమందిలో నలుగురైదుగురు ఎప్పుడూ రారు. జ్వరమొస్తుంది, ఊరెళ్తారు, భయమేసి మానుకుంటారు. మరి ఆ ఖాళీలకి పిలవొద్దూ? నేను ఆ పట్టిక ముందేసుకుని, వచ్చిన వరసలో ఫోన్లు చేసేవాణ్ణి. ఏం, ఇప్పుడెవరూ చెయ్యట్లేదా?"

ఆమె లోపలే లెక్కేసుకుంది. ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళుగా ప్రోగ్రాము పేర్లు రాస్తూనే ఉంది, పిలిచేవాళ్ళు లేరని దానికి తెలియదు పాపం. "వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారండీ," అని ఏదో అంది. "మా రోజుల్లో పదింటికి పదిమంది వస్తే గొప్పమ్మా, మిగతావాళ్ళు మెల్లిగా రోజంతా వచ్చేవాళ్ళు," అన్నాడాయన, ఇరవై కనెక్షన్లకు సంజాయిషీలాగా. "రెండో కనెక్షన్ కోసం ఎంతసేపు ఆగాలో అన్నచోట ఎప్పటికీ అని పెట్టాను, చూశావా? తొందరెందుకని." చూసింది. అంత ఓపిక యంత్రాలకు నేర్పకూడదు అనబోయి ఊరుకుంది.

తీసేయక్కర్లేదు, వరస మారిస్తే చాలు. ముందు ఒక కనెక్షన్ తీసుకుని వచ్చినవాడి పేరు రాసెయ్యి, ఆ కనెక్షన్ వదిలెయ్యి, తర్వాత ఇంకొకటి తీసుకుని స్లాటు చూడు. ఏ క్షణంలోనూ ఎవరి చేతిలోనూ రెండు ఉండవు. పేరు ముందే పడిపోతుంది గనక స్లాటు రద్దయినా చెరగదు. నాలుగు వరసలు పైకి జరిపింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే, కానీ ఎలుక ఎంత ముద్దుగా ఉందో. ఈసారి ఉత్తుత్తి రోగులకు మర్యాద మాన్పించి, ఐదువందలమందిని ఒకే క్షణంలో తోసింది. పాతది టపీమని బిగుసుకుంది, మొదటిసారి తన కళ్ళముందు, తను చెప్పినట్టు. కొత్తది ఆగలేదు. మళ్ళీ తోసింది. ఆగలేదు. తొమ్మిదీ నలభై మూడు. ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, ఆమె చెయ్యి ఒక నిమిషం గాల్లో ఆగింది. డేటాబేస్ తెరిచే ఉంది. ఒక్క వరస. తమ్ముడి పేరు, కుడికన్ను, ఒక తేదీ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఈశ్వరుడి తాళాలు కూడా తన దగ్గరే ఉన్నాయి. రెండు నెలలు నమ్మనిదానికి పరిహారంగా ఒక్క వరస. ముప్ఫైమందికి బదులు ఇరవై తొమ్మిదిమందికి దొరుకుతుంది, ఆ ముప్ఫయ్యోవాడెవడో తనకు తెలియను కూడా తెలియదు. తెలియదు గనకే అది అంత తేలిగ్గా ఉంది. ఆమె తెర మీది ఆ కిటికీని మూసేసింది. మూసినందుకు గొప్పగా ఏమీ అనిపించలేదు. లేచి మేనేజర్ గది వైపు నడిచింది.

మేనేజర్ గది తలుపు సగం తెరిచే ఉంది. పేజీ తెరిచే రోజు ఎవరూ కోడ్ ముట్టుకోకూడదని ఆయన గోడకు అంటించిన కాగితం కింద నిలబడే చెప్పాల్సొచ్చింది. "పది దాటాక పెట్టండి, చూద్దాం," అన్నాడాయన. "పది దాటాక ఎందుకండీ? ఇప్పుడున్నది పదింటికి చావడం ఖాయం. నాది చావొచ్చు, చావకపోవచ్చు," అంది ఆమె. ఆయన గోడ మీద కాగితాన్ని, ఆమెను, గడియారాన్ని వరసగా చూశాడు. "చస్తే?" "చస్తే ఎప్పటిలాగే మన మేలుకొలుపు లేపుతాడు." ఆయనకు నవ్వాగలేదు. "కానివ్వండి," అన్నాడు. ఇన్నాళ్ళూ ఇంత తేలిగ్గా అడగొచ్చని తెలియక ఊరుకుందా అనిపించింది తిరిగొస్తుంటే. తొమ్మిదీ యాభై ఐదుకు కొత్తది ఎక్కింది. మేలుకొలుపు కుర్చీ జరుపుకుని ఆమె పక్కన చేరాడు, టీ గ్లాసు చేతిలోనే ఉంది, తాగడం మర్చిపోయాడు.

ఆ ఐదు నిమిషాలూ ఎంత పొడుగ్గా ఉన్నాయో. ఎక్కడో వాడు డిపోలో బస్సు నిలిపి దిగుతుంటాడు, ఎడమకంటికి దగ్గరగా ఫోను పట్టుకుంటాడు, అలా పట్టుకోవడం ఎప్పుడు అలవాటైందో, తను చూసి కూడా చూడలేదు. వాడొక్కడే కాదు, నాలుగువేల బొటనవేళ్ళు ఈ క్షణాన గాల్లో ఉన్నాయి. పది. పట్టికలో ఆరు పేర్లు పడ్డాయి. పదహారు. రెండో సెకను, ఎప్పుడూ బిగుసుకునేది ఇక్కడే, ముప్ఫై రెండు, యాభై, నూటపది, నాలుగువందలు, పేర్లు వాన పడ్డట్టు పడుతున్నాయి, తెర చదవడానికి వీల్లేనంత వేగంగా. "ఇదేంటి, ఆగట్లేదే?" అన్నాడు మేలుకొలుపు, కాస్త దిగులుగా. ఆగలేదు. మూడో సెకనుకే ముప్ఫై స్లాట్లూ అయిపోయాయి. తర్వాత వచ్చినవాళ్ళందరికీ ఖాళీ లేదని జవాబు వెళ్తోంది, వెంటనే, ఒక్కొక్కరికీ. నిమిషం తిరిగేసరికి మూడువేల తొమ్మిదివందల పేర్లు. మేలుకొలుపు ఆమె భుజం మీద తట్టి, ఇక నన్నేం చెయ్యమంటారు అన్నట్టు రెండు చేతులూ చాపాడు. ఆమెకు గట్టిగా అరవాలనిపించింది, ఆనందంతోనే. తర్వాత తమ్ముడి పేరు వెతికింది.

ఉంది. పది గంటల రెండో సెకను, నలభై ఏడో పేరు. రేపటిగాడు నాలుగువేలమందిలో నలభై ఏడోవాడు. ఎదురుగా, ఖాళీ లేదు.

ఆ వరసను ఎంతసేపు చూసిందో తెలియదు. యంత్రం చెయ్యాల్సింది చేసింది. అందరికీ ఒక్కలాగే చేసింది. ముప్ఫైకి పైన పదిహేడు. తను సరిచేసినదే వాణ్ణి సరిగ్గా బయట నిలబెట్టింది, ఇక చక్రం తిరిగిందని కూడా అనుకోవడానికి లేదు. నిదానంగారు చెప్పిన ఖాళీలు గుర్తొచ్చి ఆపరేషన్ థియేటరు నర్సుకు ఫోను చేసింది. ఈ వారం చేయించుకోవాల్సినవాళ్ళలో ఇద్దరు రామన్నారట. కిందటి నెల ఆరు మంచాలు ఖాళీగా పోయాయట. "ఎవరు చూస్తున్నారు చెప్పండి," అంది నర్సు. చూస్తానని చెప్పి పెట్టేసేసరికి ఫోను మళ్ళీ మోగింది. వెనకాల బస్సుల మోత.

"అక్కా, ఈసారి చక్రం తిరగలేదే! నొక్కగానే లేదని చెప్పేసింది." వాడి గొంతులో దిగులు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "నువ్వే చేశావా?"

"నేనే. ఒరేయ్, నువ్వు రావట్లేదనుకున్నానురా ఇన్నాళ్ళూ."

"నువ్వలా అనుకుంటావని తెలుసులే."

ఆమె తెర మీద వాడి వరసను మళ్ళీ చూసుకుంది. "ఎవరైనా మానుకుంటే వచ్చిన వరసలో పిలుస్తాం. ఇవాళ్టినుంచి. నువ్వు పదిహేడోవాడివి. ఇప్పటికి రెండు ఖాళీలున్నాయి. ఇంకో నాలుగైదు రావొచ్చు. అన్నీ కలిపినా పదిహేడు దాకా..." మిగతాది అనలేదు.

"పదిహేడా?" అని వాడు ఆలోచించాడు. "మా బస్సులో అయితే పదిహేడోవాడికి కిటికీ పక్కన సీటు దొరుకుతుందే." తనే నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "సరే అక్కా, టైమైంది. నువ్వు మొదటివాళ్ళకి ఫోన్ చెయ్యి ముందు."

వాడి బస్సు బయల్దేరిన చప్పుడు విని ఆమె ఫోను చెవి దగ్గరినుంచి తీసింది. పట్టికలో ముప్ఫై ఒకటో పేరు ఎవరో ఒక ఆడమనిషిది, వయసు అరవై ఆరు, రెండు కళ్ళూ. నంబరు నొక్కింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు, ఎనిమిదేళ్ళుగా ఇక్కడినుంచి ఎవరూ ఇలా పిలవలేదు. నాలుగోసారి మోగాక ఎత్తారు.

"అమ్మా, ఆసుపత్రి కళ్ళవార్డు నుంచండీ. మీరు మా దగ్గరికి పదింటికి వచ్చారు, దొరకలేదు కదా..."

"మూడు నెలలనుంచీ వస్తూనే ఉన్నానమ్మా," అంది అవతలి గొంతు. "నువ్వు ఏ నెల సంగతి అడుగుతున్నావు?"